గొలుసు ప్రార్థనలో పదకొండో అంశం

గల్ఫ్‌లో మదీనత్ ఖలీఫాలోని ఆ విల్లాకు మారిన నెల రోజులకు, మా సొంత సంఘం వాళ్ళే నాకు సువార్త చెప్పడానికి వచ్చారు.

అంతకు ముందు నాలుగేళ్ళు నేను ప్రతి శుక్రవారం అబూ హమూర్‌లో, చర్చీలన్నీ ఒకే ప్రహరీలో ఉండే ఆవరణలో, మూడో వరుసలో కూర్చుని ఆరాధించిన మనిషిని. మా తాతగారు గోదావరి లంకల్లో సైకిల్ మీద తిరిగి వాక్యం చెప్పారు. నేను నర్సరీ స్కూల్లో పిల్లల్ని చూసుకుంటాను. నాతో ఫ్లాట్ పంచుకున్న కుటుంబం స్వదేశం వెళ్ళిపోవడంతో అద్దె ఒక్కదాన్నే భరించలేక విల్లాకు వచ్చాను. అంతకు మించి నాకేమీ కాలేదు. కానీ మొన్నటిదాకా సంఘ సభ్యురాలినైన నేను, ఇల్లు మారగానే 'విల్లా పరిచర్య' కింద లెక్కలోకి వచ్చాను.

విల్లా అనే మాట విని ఎవరూ మోసపోకూడదు. ఒక కుటుంబం కోసం కట్టిన పెద్ద ఇంటిని ప్లైవుడ్ గోడలతో పంతొమ్మిది గదులు చేశారు. మా గదికీ పక్క గదికీ ఒకే ఏసీ. చల్లగాలి అటూ ఇటూ పోవడానికి గోడ పైభాగంలో చతురస్రంగా కోశారు. పక్కగదిలో ఎవరు దగ్గినా మేం లేచేవాళ్ళం. వేసవిలో మేడ మీది ట్యాంకులో నీళ్ళు మరిగిపోయి చల్లనీళ్ళ కుళాయిలోనే వేడినీళ్ళు వచ్చేవి.

ఆ గదికి మా సంఘపెద్ద గారి భార్య, అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడ, బిర్యానీ పొట్లాలతో వచ్చారు. నా మంచం మీద పాత న్యూస్‌పేపరు పరుచుకుని దాని మీద కూర్చున్నారు. నేను టీ ఇస్తే పుచ్చుకుని, ఒక్క గుక్క కూడా తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టారు. తరవాత ఎంతో ప్రేమగా అడిగారు.

"అమ్మా, యేసయ్యను గురించి ఎప్పుడైనా విన్నావా తల్లీ?"

"అమ్మగారూ, నాలుగేళ్ళుగా మీ వెనక వరుసలోనే కూర్చుంటున్నాను. మీ జడ నాకు కంఠతా వచ్చు."

ఆవిడ నాలుక కరుచుకున్నారు. "అయ్యో, మీరా! వెలుతురు లేక పోల్చుకోలేదమ్మా" అన్నారు. వెలుతురు ఉంది. వెళ్ళేటప్పుడు మా వంటగదిని ఫోటో తీసుకున్నారు. ఆ న్యూస్‌పేపరును నా మంచం మీదే వదిలేశారు.

అప్పటినుంచి వచ్చిన ప్రతిసారీ ప్రార్థన అవసరతలు చీటీ మీద రాసిమ్మనేవారు. మొదటిసారి నేను మా స్కూల్లో జరిగిన అన్యాయం రాశాను. టీచరుగా తీసుకుని బాత్రూములు కడిగిస్తున్నారని, ఎవరు చేయిస్తున్నారో, ఎప్పటినుంచో, వివరంగా పేజీన్నర. శుక్రవారం ఆవిడ దాన్ని ఎలా చదివారంటే, "ఒక సహోదరి ఉద్యోగ అవసరత కొరకు." అంతే. నా పేజీన్నర ఐదు మాటలైంది. నేను ఊరుకోలేదు. ప్రకటనల సమయంలో లేచి నిలబడి, "రాసింది రాసినట్టు చదవకపోతే రాయించుకోవడం దేనికి? ఎవరి సంగతో ఏం సంగతో లేకుండా దేవుడికి ఏం అర్థమవుతుంది?" అని అడిగాను. సభంతా వెనక్కి తిరిగి చూసింది. అమ్మగారు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఇకనుంచి మీరు రాసింది అక్షరం పోకుండా చదువుతానమ్మా" అని అందరి ముందూ మాట ఇచ్చారు. న్యాయం గెలిచిందనుకుని కూర్చున్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళకు కడప వైపు అమ్మాయి మా గదిలోకి వచ్చింది. అల్ వక్రాలో ఒక ఇంట్లో పనిచేసేది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి అర్ధరాత్రి దాకా పని చేయించేవారట. ఫోన్ తీసేసుకున్నారట. ఒకరోజు చెత్త పారేయడానికి గేటు దాటి, అలాగే నడుచుకుంటూ వచ్చేసింది. ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పారిపోయిందని కేసు పెట్టాడు. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఊళ్ళో అక్క దగ్గర ఐదేళ్ళ కూతురు ఉంది. కేసు తీసేస్తే ఇంటికి పోతుంది. ఈలోపు పట్టుబడితే లోపల పెడతారు, ఎన్నాళ్ళో తెలియదు. ఆమె మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా మంచం కిందికి చూసేది, అక్కడ దూరడానికి చోటుందా అని.

ఆ ఇంటి డ్రైవరుది కూడా కడప వైపే. అతనే మధ్యలో ఉండి మాట్లాడాడు. కఫీల్ తల్లిని వాళ్ళు పెద్ద మామా అంటారు. ముసలావిడకు ఈ పిల్లంటే కాస్త జాలి. కొడుకును ఒప్పించి కేసు తీయిస్తానని, ఆదివారం పాస్‌పోర్టు డ్రైవరు చేతికిస్తానని మాట ఇచ్చింది. ఒకే షరతు పెట్టింది. మా ఇంటి మాట బయట వినబడకూడదని.

ఆ వారం అమ్మగారు చీటీలు అడిగినప్పుడు నేను ఈ పిల్ల కోసం రాశాను. ఈ పిల్లది వేరే దేవుడు. ఆమెను అడిగానా అంటే అడగలేదు. ప్రార్థించడానికి కూడా అనుమతి కావాలా అనుకున్నాను. ఎప్పటిలాగే వివరంగా రాశాను.

మా సంఘంలో నెలకోసారి గొలుసు ప్రార్థన ఉంటుంది. గురువారం పొద్దున ఆరింటినుంచి సాయంత్రం ఆరింటిదాకా, ఒక్కొక్కరు అరగంట చొప్పున ఎక్కడివాళ్ళక్కడే, గొలుసు తెగకుండా ప్రార్థిస్తారు. ప్రార్థనాంశాలను అమ్మగారు చదివి, తన గొంతుతో రికార్డు చేసి సంఘం ఫోన్ గ్రూపులో పెడతారు. ఆ గురువారం నేను స్కూలు నుంచి రెండింటికి వచ్చేసరికి, విల్లా నడిపే జగిత్యాల మనిషి మెట్ల మీద అడ్డంగా నిలబడి ఉన్నాడు. పలకరించకుండానే ఫోన్ నా మొహం ముందు పెట్టి నొక్కాడు. అమ్మగారి గొంతు.

"పదకొండో అంశం. మదీనత్ ఖలీఫాలో మందుల షాపు వెనక విల్లాలో, పై అంతస్తులో ఉంటున్న కడప జిల్లా సహోదరి కొరకు. ఈ సహోదరి అల్ వక్రాలో హార్బరు వీధిలో యజమాని ఇంట హింస భరించలేక పారిపోయి వచ్చింది. కేసు ఉన్నది. ఆదివారం ఆ ఇంటి డ్రైవరు పాస్‌పోర్టు తేవలసి ఉన్నది. ఈ కార్యం సఫలం కావాలని..."

"ఏంది మేడం ఇది? మందుల షాపు ఎన్క విల్లా అంటె నాది గాదా?" అన్నాడు. "నేను చర్చికి వోయెటోన్ని గాదు, నాకు గూడ వచ్చింది. మా చెల్లె జగిత్యాలల ఆస్పత్రిల ఆయా. ఆడ నర్సమ్మలు విన్నరట. 'అన్నా, దుబాయ్‌ల నీ ఇంట్ల ఎవలో దాక్కున్నరట గదా' అని ఫోన్ జేసింది. గల్ఫ్ అంటె దుబాయే దానికి. జగిత్యాల దాంక వోయినంక, గీ సందు చివర్న ఉన్న ఠాణాకు వోదా?"

"నెమ్మదిగా మాట్లాడండి. పిల్ల వింటుంది."

"విననీయున్రి. నాకు గా పిల్ల మీద కోపం లేదు. బల్దియావోల్లు, గదే మున్సిపాలిటోల్లు, వస్తె గీ చెక్క గోడలన్ని పీకుతరు. పందొమ్మిది అర్రలున్నయ్. గిందరు యాడికి వోవాలె? పొద్దుగూకే వరకు ఆమెను తీస్కవోన్రి."

గదిలోకి వెళ్తే పిల్ల మంచం మీద బొమ్మలా కూర్చుని ఉంది. బట్టల సంచి ఒళ్ళో ఉంది. నన్ను చూడగానే, నేనిచ్చిన పాత ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల డ్రైవరు.

"ఏం జేస్తిరి తల్లీ మీరు? పక్కింట్లో వంట జేసే ఆయమ్మ మీ గుంపులోనే ఉండాదంట. నన్ను గేటు కాడ పట్టుకోని అడగతాది, ఆదివారం నువ్వేనంట గదా తెచ్చేది అని! మా సారుకు తెలిస్తే ఆదివారం ల్యా, ఏ వారమూ ల్యా. నా కొలువు గూడా ల్యా."

"అమ్మగారి చేత గ్రూపులోంచి తీయించేస్తాను" అన్నాను.

"తీపిచ్చు తీపిచ్చు. ఇన్నోళ్ళ చెవుల్లోంచి గూడా తీపిచ్చు." ఫోన్ పెట్టేశాడు.

పిల్ల ఒకే మాట అడిగింది. "అక్కా, యాడికి పోవాల నేను?"

నేను తలుపు వేసి, టాక్సీ ఎక్కి అబూ హమూర్ వెళ్ళాను. దారి పొడుగునా అమ్మగారిని ఏమేం అడగాలో వరసగా పేర్చుకున్నాను. న్యూస్‌పేపరు దగ్గరనుంచి మొదలుపెట్టాలనుకున్నాను.

తలుపు తీసిన అమ్మగారి తల మీద ముసుగు ఉంది. వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "నా అరగంట నడుస్తోందమ్మా. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. కూర్చోండి."

"పిల్ల ప్రాణం మీదికొచ్చింది, మీకు ఎనిమిది నిమిషాలా?"

"గొలుసు తెగకూడదమ్మా."

నన్ను కూర్చోబెట్టి, ఆవిడ మోకాళ్ళ మీదికి వెళ్ళిపోయారు. ఎనిమిదో అంశం ఎవరిదో మోకాలి ఆపరేషను. తొమ్మిదోది ఎవరి కొడుకు పరీక్షలో. పదోది వానలు. గోడ గడియారంలో ముల్లు కదలడం చూస్తూ కూర్చున్నాను. పదకొండోది వచ్చింది. ఆ పిల్ల ఎవరో తనకు తెలియకపోయినా ఏడ్చారు. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

లేవగానే అంతా చెప్పాను. వింటూనే గ్రూపు తెరిచి ఆ రికార్డు తీసేశారు. "కానీ పొద్దున్నే నలభైమంది వేరే గ్రూపులకు పంపామని రాశారమ్మా."

"వీధి పేరెందుకు చదివారు? డ్రైవరు సంగతెందుకు చదివారు? మీకు ఆమాత్రం తెలియదా?"

ఆవిడ బైబిల్లోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టారు. నా చీటీ. నా అక్షరాలు. మందుల షాపు, హార్బరు వీధి, ఆదివారం, డ్రైవరు.

"చదివేటప్పుడు భయం వేసిందమ్మా. ఇది బయట చదివే సంగతి కాదనిపించింది. కొంత వదిలేద్దామనుకున్నాను." ఆగి, మెల్లగా అన్నారు. "మళ్ళీ మీరు అందరిలో లేచి నిలబడతారని చదివేశాను."

చీటీని మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. "అయితే ఇప్పుడు ఆ పిల్లను మీ ఇంట్లో పెట్టుకోండి" అన్నాను.

"కేసున్న మనిషిని పెట్టుకుంటే మా ఆయన వీసా పోతుంది. నలుగురం రోడ్డున పడతాం. అడక్కండమ్మా." ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి కింద నిలిపిన కారు వైపు చూశారు. తరవాత మేకుకు వేలాడుతున్న కారు తాళం తీసుకున్నారు. "ఆదివారం దాకా ఆగితే వాళ్ళ చెవిన పడే తీరుతుంది. పడకముందే పిల్ల వెళ్ళి ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఇప్పుడే. నేను తీసుకెళ్తాను."

మదీనత్ ఖలీఫా వెళ్ళి పిల్లను ఎక్కించుకున్నాం. సంగతి చెబితే ఆమె అభ్యంతరం చెప్పలేదు. వెనక సీట్లో సంచి గుండెలకు హత్తుకుని, అద్దంలో కనబడకుండా కిందికి జారి కూర్చుంది. అల్ వక్రా దారిలో రెండుచోట్ల పోలీసు బండి మా పక్కగా వెళ్ళింది. రెండుసార్లూ అమ్మగారు కారు మరీ నెమ్మది చేసేశారు. "మామూలుగా నడపండి, మీరే పిలిచి చూపించేలా ఉన్నారు" అన్నాను. ఆవిడ ఫోన్ మోగింది. సంఘపెద్ద గారు. ఎత్తి, "మార్కెట్లో ఉన్నానండీ. ఉల్లిపాయలు" అన్నారు. నాలుగేళ్ళలో ఆవిడ అబద్ధం చెప్పగా వినడం అదే మొదలు.

పిల్ల దారిలో ఫోన్ చేసి చెప్పడంతో, హార్బరు వీధి చివర డ్రైవరు నిలబడి ఉన్నాడు. పక్కింటి వంటావిడ ఇంకా ఎవరికీ చెప్పలేదని తాను అనుకుంటున్నానని అన్నాడు. పిల్లను వంటింటి వైపు గేటులోంచి తీసుకెళ్ళాడు. మేమిద్దరం కారులో ఉండిపోయాం. ఇంజను ఆపితే ఉక్క, ఆపకపోతే చప్పుడు. ఆపేశాం.

అమ్మగారు పైకి ప్రార్థించబోయారు. "మనసులో చేసుకోండి" అన్నాను. పావుగంట గడిచింది. గేటు మూసే ఉంది. లోపల్నుంచి ఏ అరుపూ వినబడలేదు. వినబడకపోవడం మంచిదో కాదో తెలియలేదు. ఊరికే కూర్చోలేక, ఇంక ఆగలేక అడిగేశాను.

"ఆ రోజు నా మంచం మీద న్యూస్‌పేపరు ఎందుకు పరుచుకున్నారు?"

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "నల్లులమ్మా. వచ్చిన కొత్తలో మేము మూడేళ్ళు అలాంటి గదిలోనే ఉన్నాం. చీర మడతల్లో ఒక్కటి ఇంటికొచ్చినా ఇక పోవు."

"మా గదిలో నల్లుల్లేవు."

"ఉన్నాయమ్మా. టీ కప్పు మీద కూడా ఒకటి ఉంది. అందుకే తాగలేదు. చెబితే నొచ్చుకుంటారని."

కిటికీ వైపు తిరిగాను. అప్పుడే గేటు తెరుచుకుంది. పిల్ల పరుగులాంటి నడకతో వచ్చి కారు అద్దం కొట్టింది.

"అమ్మా, నీ ఫోన్ గావాల. బిర్నా ఈయ్, టైము ల్యా."

"ఏమైంది? తెలిసిపోయిందా?"

"మద్దేనమే తెలిసిపోయినాది. పక్కింటి ఆయమ్మ వచ్చి పెద్ద మామాకు సెప్పేసినాదంట. సారు మాత్రం ఇంట్లో ల్యాడు. పొద్దుగూకినంక మగ్రిబ్ నమాజ్ కాంగానే వస్తాడు. ఆయప్ప వచ్చే లోపల, అదే గుంపులో, నా గొంతుతో సెప్పాలంట. ఈ ఇంట్లో నన్నెవురూ ఏమీ సెయ్యల్యా అని. అది ఇంటేనే పాస్‌పోర్టు అంటాండాది." నా వైపు తిరిగింది. "హింస అని ఎవురు సెప్పినారక్కా నీకు? నేను సెప్పినానా?"

చెప్పలేదు. పని ఎక్కువ, నిద్ర లేదు అని మాత్రమే చెప్పింది. కానీ గుడ్డలు ఉతికేటప్పుడు మోచేతి పైన వరసగా మూడు కాలిన మచ్చలు నేను చూశాను. అడగకుండానే ఆ మాట రాశాను.

"మరి ఆ చెయ్యి?" అన్నాను.

ఆమె చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. అమ్మగారి ఫోన్ తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుంది.

"అందురికీ నమస్తే. పదకొండోది అని సెప్పినారే, అది నేనే. ఆ ఇంట్లో నన్ను ఎవురూ కొట్టల్యా, ఏమీ సెయ్యల్యా. కన్నబిడ్డ మాదిరి సూసుకున్యారు. నేనే పనికి తాళల్యాక వచ్చేస్తిని. రాసినోళ్ళు తప్పు రాసినారు. మన్నించండి."

వేలు తీసింది. సందేశం వెళ్ళిపోయింది. మేం ముగ్గురం తెర వైపు చూస్తూ ఉన్నాం. మొదట ఒక ఆమేన్ వచ్చింది. తరవాత స్తోత్రం. తరవాత వరసగా జోడించిన చేతులు. ఎవరో, "ప్రార్థనకు జవాబు!" అని పెట్టారు. ఏ ఒక్కరూ ఆమె చెప్పింది విన్నట్టు లేదు.

ఫోన్ పట్టుకుని ఆమె లోపలికి పోయింది. డ్రైవరు అరబ్బీలో చెప్పాలి కదా, అతనూ పోయాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. పిల్ల పాలిథిన్ కవర్లో చుట్టిన పాస్‌పోర్టు చూపించి, ఫోన్ అమ్మగారికి ఇచ్చేసింది.

"ఎక్కు, పోదాం" అన్నాను.

"రానక్కా. ఆదివారం సారే పోయి కేసు తీసేస్తాడంట. అంతవరకూ ఈడ్నే ఉండమన్యాది పెద్ద మామా. ఇంట్లో ఉంటే పారిపోయినట్టు గాదు గదా అంటాండాది."

"పిచ్చా నీకు? మళ్ళీ ఆ ఇంట్లోకా? మూడు రోజులా?"

"ఆడ విల్లాలో పొద్దుగూకినంక ఉండనిస్తారా?" అంది. అది నిందగా అనలేదు. నిజంగానే అడిగింది. మసీదునుంచి పిలుపు మొదలైంది. పిల్ల సంచి భుజాన వేసుకుని గేటులోకి వెళ్ళిపోయింది. లోపలి గడియ పడిన చప్పుడు మాకు వినబడింది.

ఆ మూడు రోజులు నేను స్కూల్లో ఏ పిల్లకు ఏం తినిపించానో నాకు గుర్తు లేదు. ఆమె ఫోన్ ఎత్తలేదు. డ్రైవరు కూడా ఎత్తలేదు. శుక్రవారం ఆరాధనలో పదకొండో అంశానికి సాక్ష్యం చెప్పమని సంఘపెద్ద గారు నన్ను పిలిచారు. లేవలేదు. అమ్మగారూ వెనక్కి తిరగలేదు. ఆదివారం మధ్యాహ్నం డ్రైవరు ఒకే మాట పంపించాడు. "ఖలాస్." అయిపోయింది అని. మంచిగా అయిపోయిందో చెడ్డగా అయిపోయిందో మంగళవారం దాకా తెలియలేదు.

మంగళవారం ఆమె కడపనుంచి ఫోన్ చేసింది. వెనకాల ఆమె కూతురి గొంతు. "నన్ను గుర్తు పట్టల్యా అక్కా. పొద్దన్నుంచి ఎనకెనకే తిరగతాంది గాని, దగ్గరికి రాదు" అని నవ్వింది. నాకు సంతోషమే. కానీ అడగకుండా ఉండలేకపోయాను. ఆ మచ్చలు ఎలా పడ్డాయో చెప్పమన్నాను. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, ఎవరికీ భయపడనక్కర లేదు, చెబితే నేను ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో అక్కడ చేస్తానన్నాను.

ఆమె అంది, "హింస అన్న మాట నీది అక్కా. నేను సెప్పల్యా. అది నీ కాడే పెట్టుకో."

అలా అన్నందుకు నాకు కోపం వచ్చింది. ఆ తరవాత నేను ఫోన్ చేయలేదు, ఆమె కూడా చేయలేదు.